మా అత్తకు చెప్పని ఉపవాసం

అందరూ తిండి మానేస్తే ఒళ్లు తగ్గుతారు. నేను మానేస్తే మా వీధి వీధంతా మోకాళ్ల మీద పడింది. నవ్వనని మాటిస్తే ఆ ఘోరం చెబుతాను. సరే, నవ్వండి. పాప ఇప్పుడే పడుకుంది, కాస్త నెమ్మదిగా నవ్వండి.

దీనికంతటికీ మూలం పలాసలోని మా టైలరు. పాప పుట్టాక నా జాకెట్లన్నీ పట్టుకెళ్లి పట్టుకెళ్లి వదులు చేయించాను. చివరిసారి ఆయన జాకెట్టును తిరగేసి మరగేసి చూసి, "ఇంక ఇప్పడానికి కుట్టు నేదమ్మా. ఇప్పితే గుడ్డే మిగులుతాది" అన్నాడు.

ఆ రోజే ఫోన్లో వీడియోలు చూశాను. పదహారు గంటలు నోరు కట్టేసుకుని, మిగతా ఎనిమిది గంటల్లో తినాలట. నడుమూ కావాలి, బువ్వా కావాలి అనుకునే నాలాంటిదానికి ఇంతకంటే ఏం కావాలి? డిగ్రీ చదివినదాన్ని, ఇదో లెక్కా అనుకున్నాను.

నా లెక్కలోకి రానిది మా అత్త. ఆవిడ ప్రేమంతా గరిటెలోనే ఉంటుంది. పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి జావ, తాగనివాళ్లు ఆవిడ దృష్టిలో సగం మనుషులు. ఆవిడకు చెబితే సాగనివ్వదు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయనకు చెబితే ఆయన అమ్మకు చెప్పేస్తాడు. కాబట్టి ఎవరికీ చెప్పకూడదని తీర్మానించుకున్నాను. చూశారా, చదువుకున్న బుర్ర!

"అమ్మీ, అంబలి తాగవేటి?"

"ఆకలి లేదత్తా."

"నిన్నా అదే మాట సెప్పినావు."

"నిన్నా లేదు."

"మరి అన్నన్ని నీల్లు తాగుతన్నావేటి?"

"దాహం."

అత్త నా ముఖం చూసింది. తర్వాత వంగి నా పాదాలు చూసింది. మెట్టెలు ఉన్నాయో లేవో చూస్తోందనుకున్నాను.

మాది టెక్కలి, మా అత్తవారిది ఉద్దానం. ఇక్కడ అన్నం సయించడం లేదని ఎవరూ తేలిగ్గా అనరు, అంటే తేలిగ్గా వినరు. కిడ్నీల జబ్బు తొక్కని వీధి లేదు. ముందు ఆకలి పోతుంది, తర్వాత పాదాలు పొంగుతాయి. నేను కాపురానికి రాకముందే మావయ్య ఆ జబ్బుతోనే పోయారు. ఇదంతా నాకు తెలుసు. కానీ మావయ్య జబ్బుకూ నా జాకెట్టుకూ ముడి పడుతుందని తట్టనే లేదు.

కోడలికి చెలగాటం, అత్తకు ప్రాణసంకటం. కొన్నాళ్లకు నేను కాస్త తగ్గాను. అత్త నాకంటే ఎక్కువ తగ్గింది. ఒక పొద్దున "పలాసలో పనుంది" అని బస్సెక్కింది. ఏం పనో నేను అడగలేదు. అంబలి అడిగే మనిషి ఇంట్లో లేదని సంబరపడ్డాను, సిగ్గులేనిదాన్ని.

మర్నాడు నా శుభఘడియ వచ్చింది. అంటే తినే ఘడియ. వేడన్నంలో పనసకాయ కూర కలిపాను. ముద్ద నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే మా పాస్టరమ్మ, ఆవిడ వెనకాల మా చర్చి ఆడవాళ్లంతా బైబిళ్లతో లోపలికి వచ్చారు. ప్రార్థన అంటే కాదంటామా? చెయ్యి కడుక్కుని, ముసుగేసుకుని, కళ్లు మూసుకున్నాను.

"తండ్రీ, ఇంత సిన్న వయసులో ఈ బిడ్డకి ఇంత కట్టమేటి తండ్రీ!" అని అందుకుంది పాస్టరమ్మ.

ఎవరో పాపం అనుకుని, "ఆమెన్" అన్నాను.

"సంటిగుంటకి తల్లిని దూరం సెయ్యకు తండ్రీ!"

నాకు కళ్లు చెమ్మగిల్లాయి. పనసకాయ కూర వాసన కూడా తోడై ధారలు కట్టాయి. "ఆమెన్!" అన్నాను, అందరికంటే గట్టిగా.

"ఆ తల్లి కిడ్నీలు ముట్టి బాగుసెయ్యి తండ్రీ!"

"ఆమెన్! ఆమెన్!"

"మా సునీతని..."

సునీతను నేనే.

కళ్లు తెరిచాను. అత్త నా పక్కనే మోకాళ్ల మీద ఉంది, ఏడుపు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని.

"అత్తా, నాకే జబ్బూ లేదు!"

"మీ మావయ్యా ఇలాగే అన్నారు. ఆకలి నేదు, ఆకలి నేదని దాసినారు. నువ్వు దాయకమ్మీ. నిన్న పలాసెల్లి నా రగతం పరీచ్చ సేయించుకున్నాను. నా కిడ్నీలు బాగున్నాయంట. ఒకటి నీకిచ్చేత్తాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పాతదే గానీ, అంబలి తాగిన సరుకు."

అప్పుడు నాకు వచ్చిన ఏడుపుకు పనసకాయతో సంబంధం లేదు.

"జాకెట్టు పట్టడం లేదత్తా. అందుకే మానేశాను."

పాస్టరమ్మ మెల్లగా బైబిలు మూసింది.

"జాకిట్టుకా?"

"ఊఁ."

"ఓలమ్మో! జాకిట్టు కోసం నా కిడ్నీ దాకా తెచ్చినావే!"

వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుని, నా తల మీద ముఖం పెట్టి గట్టిగా ఏడ్చింది. ఆడవాళ్లు మొదట కళ్లు తుడుచుకున్నారు, తర్వాత కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు, ఆ తర్వాత వచ్చినవాళ్లు వచ్చినట్టే కూర్చుని నా పనసకాయ కూర గిన్నె ఖాళీ చేశారు. అయినా అత్తకు నమ్మకం కుదరలేదు. మర్నాడే నన్ను లాక్కెళ్లి పరీక్ష చేయించి, అంతా బాగుందని విన్నాకే మెతుకు ముట్టింది. దారిలో టైలరు దగ్గర ఆగి, "జాకిట్టు పట్టకపోతే కొత్తది కుట్టు నాయనా, మా కోడల్ని మాటలనకు" అని గుడ్డ పడేసి వచ్చింది.

కాబట్టి, ఓ పాఠక మహాశయులారా, రేపటి అంబలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆకలి లేదన్న మాట ఈ ఇంట్లో ఇక నా నోట రాదు. నడుము ఎంతైనా పెరగనీ. మా అత్త కిడ్నీలు రెండూ మా అత్త దగ్గరే చల్లగా ఉండాలి.

ఆమెన్.