బాలీ పూల్‌లో నాగమణి

దయ్యాల కథలంటే నాకు నవ్వు. ఏలూరులో మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని పోట్లాడేది నేనే. అందుకని ఇది దయ్యం కథ అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను. కోపంగానే చెబుతాను, ఏమనుకోకండి.

మా ఆయన రొయ్యల మేత డీలరు. కొల్లేటి పక్కన మాకు సొంత చెరువులు కూడా ఉన్నాయి. నిరుడు మేత బాగా అమ్మినందుకు కంపెనీవాళ్లు డీలర్లని భార్యలతో సహా బాలీ తీసుకెళ్లారు. ఒక్కో జంటకీ ఒక విల్లా, దానికో స్విమ్మింగ్ పూల్, పొద్దున్నే ఆ నీళ్లమీద పళ్లెంలో తేలుతూ వచ్చే టిఫిను. అంత వైభోగం.

ఆ ప్రయాణానికి కొన్ని వారాల ముందే మా చెరువులో కూలికి వచ్చే నాగమణి చనిపోయింది. నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్‌కి చుట్టుకున్న నాచు తీయడానికి నీళ్లలో దిగితే కరెంటు కొట్టింది. "వైరు షాక్ కొడతందండి, కాస్త చూడండి" అని ఆమె అంతకుముందే చెప్పింది. నా ఎదురుగానే చెప్పింది. రొయ్యలు పట్టి అమ్మేశాక మారుద్దాంలే అన్నారు మా ఆయన. ఆమె పోయాక, గుండె ఆగి పోయిందని నలుగురి చేతా అనిపించారు. ఇంట్లో పెద్ద గొడవైంది. టూరుకి రానన్నాను. చివరికి బలవంతాన బయలుదేరదీశారు.

అక్కడ రెండో రోజు, ఎండ బాగా ఎక్కాక, టిఫిను తెచ్చిన పనమ్మాయి పళ్లెం గట్టుమీదే పెట్టేసి నా చేతికి మూడు తువ్వాళ్లు ఇచ్చింది. మూడోది ఎవరికని అడిగాను. మీతో వచ్చిన ఆంటీకి అంది, వచ్చీరాని ఇంగ్లీషులో. పూల్ మెట్ల దగ్గర తడి బట్టలతో నిలబడి ఉందట. చీర ఎగ్గట్టి, దానిమీద మగవాళ్ల పసుపు చొక్కా తొడుక్కుందట. దగ్గరికి రావద్దని ఇందాకటి నుంచీ చెయ్యి ఊపుతోందట. ఆ అమ్మాయి ముఖంలో భయమేమీ లేదు.

నాకు అక్కడ ఎవరూ కనబడలేదు. కానీ ఆ చొక్కా నాకు తెలుసు. అది మా ఆయన పాతది. ఎండకి వేసుకుంటుందని నాగమణికి నేనే ఇచ్చాను. పోయిన రోజు ఆమె ఒంటిమీద ఉన్నది అదే.

ఆయన అప్పటికే నీళ్లలో కాలు పెట్టబోతున్నారు. రెక్క పట్టుకుని వెనక్కి లాగాను.

"ఏవండీ, దిగకండి. నీళ్లలో కరెంటు ఉంది."

విసుక్కున్నారు. నేను వదల్లేదు. హోటల్ ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే, లోపలి లైటు పాడై నిజంగానే నీళ్లలోకి కరెంటు వస్తోంది.

అప్పుడు చూడాలి మా ఆయన వీరంగం. మేనేజర్ని పిలిపించి, "మనుషుల ప్రాణాలంటే లెక్కలేదా మీకు?" అని నిలదీశారు. నాకు ఒళ్లు మండిపోయింది. చొక్కా సంగతి చెబితే, ఆ పిల్ల ఎవర్నో చూసి ఉంటుందిలే అని కొట్టిపారేశారు. మా కొల్లేటి కూలీలు చీరమీద చొక్కా తొడుక్కుంటారని బాలీ పిల్లకి ఎలా తెలుస్తుంది?

ఇంటికొచ్చాక ఆ రిసార్టు నిర్లక్ష్యం గురించి తాడేపల్లిగూడెం దాకా చెప్పుకొచ్చారు. మరి మన చెరువు వైరు సంగతేమిటని అడిగితే, ఈ పంట కూడా కానిమ్మన్నారు. అప్పటికే ఆ నీళ్లలో నాగమణి కూతురు పనిచేస్తోంది. ఆ రోజే వెళ్లి, పిల్లని గట్టెక్కించి, దగ్గరుండి వైరు మార్పించాను. అప్పటినుంచీ ఆయనకీ నాకూ మాటల్లేవు.

నాగమణి సముద్రం దాటి అక్కడికెలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. అంతదూరం వచ్చి ఆయన్ని ఎందుకు కాపాడిందో అసలే అర్థం కాదు. ఆమె స్థానంలో నేనుంటే చెయ్యి ఊపేదాన్ని కాదు.