ప్లాను ప్రకారం కట్టిన ఇల్లు

ఉద్యోగం వచ్చిన కొత్తలో నాకో జబ్బుండేది. ప్రభుత్వం వారు ఏదైనా రూలు పెట్టారంటే అది ప్రత్యేకంగా నా కోసమే పెట్టారని నమ్మేవాణ్ణి. (బందరు బస్టాండులో "వరుసలో రండి" అన్న బోర్డు చూసి ఒక్కణ్ణే వరుసగా నిలబడ్డాను. బస్సు వెళ్లిపోయింది.) అప్పటికి అమ్మా నాన్నా లేరు. ఉన్న ఒక్క అక్కా గుడివాడలో తన సంసారంలో తలమునకలుగా ఉంది. హైస్కూల్లో లెక్కలు చెప్పే ఉద్యోగం, అమ్మమ్మ వదిలి వెళ్లిన పాత పెంకుటిల్లు, ఇవే నా ఆస్తి. ఆ ఇంటి వంటగదికీ పక్కింటి పిన్నిగారి వంటగదికీ మధ్య ఒకటే గోడ, ఆ గోడకో చిన్న కిటికీ. (పిన్నిగారంటే చుట్టం కాదు, వీధి మొత్తానికీ ఆవిడ పిన్నిగారే.) సాయంత్రం నేను తాళం తీసిన చప్పుడవగానే ఆ కిటికీలోంచి, "వచ్చావా నాయనా? కూర దించాను, గిన్నె ఇటివ్వు," అని వినబడేది. బడి దాటాక నన్ను పలకరించే గొంతు అదొక్కటే.

వానాకాలం వంటగది కురుస్తోందని, పడగొట్టి స్లాబు వేద్దామని మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టాను. అనుమతి వచ్చింది, కానీ చుట్టూ మీటరు ఖాళీ వదలాలన్నారు. మేస్త్రి ఆ ప్లాను చూసి, మడిచి నా చేతిలోనే పెట్టాడు. "ఇది ఆఫీసుకండీ. ఇల్లు మనకండీ. పాత గోడ మీదే లేపేద్దాం."

"రూలు రూలే కదండీ," అన్నాను.

"ఈ వీధిలో ఎవరైనా వదిలారేమో చూడండి మాస్టారూ."

"ఎవరో ఒకరు మొదలెట్టాలి కదా," అన్నాను, దేశాన్ని ఉద్ధరిస్తున్నవాడిలా. పాత గోడ పిన్నిగారికి వదిలేసి, మీటరు ఇవతల నా గోడ కట్టించాను, కిటికీతో సహా. మొదటిరోజు ఆవిడ అటునుంచి చెయ్యి చాపారు, నేను ఇటునుంచి చాపాను. గిన్నె నాకు దక్కింది, చేపల పులుసు సందుకు దక్కింది. ఆ వాసనకి మరిగిన పిల్లులు ఆవిడ వంటింట్లోకి దూకడం మొదలెట్టాయి. చూసీ చూసీ ఆవిడ కిటికీ మూయించేశారు. "రూలు ప్రకారం కట్టుకున్నావు, నేనేమంటాను నాయనా," అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత సాయంత్రాలు నా ఇంట్లో నా చెప్పుల చప్పుడే నాకు వినబడేది.

మున్సిపాలిటీ నుంచి వచ్చిన ప్లానింగ్ ఆఫీసరుగారు మాత్రం ఆ సందు చూసి పొంగిపోయారు. ప్లాను పట్టుకొచ్చిన ప్రతివాళ్లనీ నా ఇంటికి తీసుకొచ్చి చూపించేవారు. నేను ఆశగా పాలు పొయ్యి మీద పెట్టేవాణ్ణి. అవి పొంగేలోపు వాళ్లు సందు చూసేసి వెళ్లిపోయేవారు. నా ఇంటికి అంతమంది వచ్చినా, నన్ను చూడ్డానికి వచ్చినవాడు లేడు.

ఓ సాయంత్రం ఆఫీసరుగారు ఆఖరి కొలతలకని ఒక్కరే వచ్చారు. టేపు చివర నేను పట్టుకున్నాను. "అంతా సరిపోయిందండీ, వస్తాను," అన్నారు.

"వెనకవైపు ఇంకోసారి చూడండి సార్. నాకెందుకో అనుమానంగా ఉంది."

కొలిచారు. సరిపోయింది.

"పోనీ ముందువైపు?"

ఆయన నావంక చూశారు. తెరిచిన తలుపులోంచి, వంటగదిలో బోర్లించి ఉన్న ఒక్క కంచం వంకా చూశారు. "ముందు టీ పెట్టండి మాస్టారూ. తాగి కొలుద్దాం," అని గడప మీద కూర్చున్నారు.

ఏం మాట్లాడానో గుర్తులేదు గానీ, చీకటి పడేదాకా నేనే మాట్లాడాను. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. ఆయన టీ తాగుతున్నంతసేపూ అప్పటి నేను, ఆ పిచ్చి కుర్రాడు, టేపు చివర వదల్లేదు, వదిలితే ఆయన లేచి వెళ్లిపోతారేమోనని.