పెట్టె కాడ మర్యాదలు

ఇప్పుడు నన్ను చూసినవాళ్ళెవరూ నమ్మరు గానీ, ఆ రోజుల్లో ఒక ఎండాకాలం మొత్తం నేను తుపాకులు తయారుచేస్తూ గడిపాను. (కంగారు పడకండి, ఫోన్లోనే.) డిగ్రీ అయిపోయి ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్లో కొత్తగా చేరాను. పగలంతా చీరలు విప్పి చూపించడం, అవి నచ్చలేదని వాళ్ళు లేచిపోతే మళ్ళీ మడతపెట్టడం. ఆ కసంతా ఇంటికొచ్చి ఆటలో తీర్చుకునేవాణ్ణి. ఆ ఆట తెలియనివాళ్ళ కోసం చెప్తాను: చాలామంది విమానంలోంచి ఒక దీవి మీదికి వట్టి చేతులతో దూకుతారు, దొరికిన ఆయుధంతో కొట్టుకుంటారు, చివరికి మిగిలిన జట్టు గెలిచినట్టు. దొరికే తుపాకీ ఎప్పుడూ దరిద్రంగానే ఉంటుంది. అందుకని మన సొంత తుపాకీని ముందే మనకు నచ్చినట్టు కూర్చి పెట్టుకోవచ్చు. గొట్టం మార్చుకోవచ్చు, దుర్భిణి తగిలించుకోవచ్చు, గుళ్ళు ఎక్కువ పట్టేలా చేసుకోవచ్చు. కానీ ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది, గుళ్ళు ఎక్కువైతే పరుగు మందగిస్తుంది. ఆ లెక్కలు తేల్చుకున్నంత శ్రద్ధగా నేను డిగ్రీలో ఏ సబ్జెక్టూ చదవలేదు. చివరికి నా తుపాకీకి పసుపు రంగు వేసి, ఎర్రంచు పెట్టి (చీరల కొట్టు బుద్ధి ఎక్కడికి పోతుంది), శాంతమ్మ అని పేరు పెట్టుకున్నాను.

ఇంతా చేసి ఆ సొంత తుపాకీ ఆటలో ఊరికే చేతికి రాదు. ఆట సగమయ్యాక ఆకాశంలోంచి ఒక పెట్టె పడుతుంది, దాని మీద ఎర్రటి పొగ లేస్తుంది. పెట్టె ఎవరు తెరిస్తే వాళ్ళ సొంత తుపాకీ వాళ్ళకు వస్తుంది. ఒక పెట్టె ఒక్క మనిషికే. ఆ పొగ దీవిలో ఉన్న శత్రువులందరికీ కనిపిస్తుంది కాబట్టి వెళ్ళామా, తెరిచామా, పారిపోయామా అన్నట్టుండాలి. అక్కడ నిలబడి ఆలోచించేవాడు బతికి బట్టకట్టడు.

మా జట్టులో మొదట ముగ్గురం. నేను, మా అక్క, జమ్మలమడుగులో ఉండే నా కాలేజీ స్నేహితుడు ఒకడు. వాళ్ళ నాన్న కువైట్ నుంచి మంచి ఫోను పంపించాడు కాబట్టి వాడి పేరే కువైట్ అయిపోయింది. ముగ్గురిలో అసలు ఆటగత్తె అక్కే. నాకు తుపాకీ కూర్చడం నేర్పిందీ ఆమే. అయితే పులివెందుల సంబంధం కుదరగానే అమ్మ అక్క చేత ఆట మాన్పించేసింది. పెండ్లికూతురు ఫోన్లో మనుషుల్ని కాలుస్తుందని తెలిస్తే వాళ్ళేమనుకుంటారని అమ్మ భయం. అక్క ఫోను బీరువాలో చీరల కింద పెట్టేసింది.

పెండ్లి బాగానే జరిగింది, అక్క ఇంకా మా ఇంట్లోనే ఉంది. చిక్కంతా అక్క చదువు దగ్గర వచ్చింది. బీఎడ్ ఒక ఏడాది అయింది, ఇంకో ఏడాది ఉంది. అది ప్రొద్దుటూరులోనే ఉండి చదవాలి. టీచరు కావాలని అక్కకు చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక. బావవాళ్ళ పెద్దలను అడిగితే అంతా అబ్బాయి ఇష్టం అనేశారు. ఆ అబ్బాయేమో నోరు విప్పడు. పులివెందుల దగ్గర చీనీతోట, అంటే బత్తాయి తోట, చూసుకునే మనిషి, చెట్లతో మాట్లాడినంతగా కూడా మనుషులతో మాట్లాడడని మాకు అనుమానం. కాలేజీ తెరిచే రోజులు దగ్గరపడుతుండగా, ఒక బస్తా చీనీకాయలతో బావ మా ఇంటికి వచ్చాడు. అక్కను తీసుకుపోవడానికి వచ్చాడా, చూసిపోవడానికి వచ్చాడా అన్నది ఎవరికీ అంతుపట్టలేదు. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. "ఆయప్పకు ఏ లోటూ రాకూడదు. ఏదైనా సరే ముందు ఆయప్పకే. మనసు బాగున్నప్పుడు సూసి సదువు మాట అడుగుదాం." ఇంక చూడండి. కూలరు ఆయన వైపే, మెత్తటి దిండు ఆయనకే, అలసంద వడల్లో బాగా వేగినవన్నీ ఆయన విస్తట్లోకే. ఆయన వద్దంటాడు, అమ్మ వేస్తుంది. ఆయన చెయ్యి అడ్డం పెడతాడు, అమ్మ వేళ్ళ సందులోంచి వేస్తుంది. మా వైపు అల్లుడు మొదటిసారే సరే అంటే తిండిపోతు కింద లెక్క, అత్త మొదటిసారికే ఊరుకుంటే పిసినారి కింద లెక్క. పాపం ఇద్దరూ పద్ధతి తప్పలేదు. చదువు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బావ కూలరు ముందు కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఆయన బొటనవేళ్ళు కదిలే తీరు చూసి నా గుండె ఝల్లుమంది. ఆ వేళ్ళు వార్తలు చదివే వేళ్ళు కావు. మెల్లగా పక్కన చేరి చూస్తే, మా ఆటే. నాకు దేవుడు ప్రత్యక్షమైనట్టయింది. ఈయన్ని ఒక్క ఆట గెలిపిస్తే చాలు, ఆ ఊపులో చదువు మాట అడిగేయొచ్చు అని పథకం వేశాను. వెంటనే కువైట్‌కు కబురు పెట్టి, ముగ్గురం జట్టు కట్టాం. వాడి మాటలు ఇద్దరికీ వినపడాలని స్పీకరు పెట్టాను.

సగం ఆట దాకా చక్కగా సాగింది. ఎర్రపొగతో పెట్టె మా ముందే పడింది. శాంతమ్మ అందులోంచి నన్ను పిలుస్తున్నట్టే ఉంది. కానీ అమ్మ మాట గుర్తొచ్చి, "నువ్వు తీసుకో బావా" అన్నాను. "వద్దులేప్పా, నువ్వు తీసుకో" అన్నాడు బావ. నేను మళ్ళీ తీసుకోమన్నాను. ఆయన మళ్ళీ వద్దన్నాడు. నేను రెండడుగులు వెనక్కి జరిగి దారి ఇచ్చాను. ఆయన నాలుగడుగులు జరిగాడు. స్పీకర్లో కువైట్ గొంతు వినపడింది. "ఏంది మామా, పెట్టె కాడ పెండ్లి భోజనాలు పెట్టినారా?" ఆ మాట పూర్తయ్యేలోపే కొండ మీదినుంచి ఎవరో మమ్మల్ని కాల్చి పారేసి, తాపీగా దిగొచ్చి, ఏ మొహమాటమూ లేకుండా పెట్టె తెరుచుకున్నారు.

కువైట్ ఊరుకుంటాడా? జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు ఫోను లేకుండా కూడా వినపడేంత గట్టిగా అరిచాడు. "అక్క యాడికి పోయింది మామా? అక్క ఉంటే ఈ గతి పడుతుండెనా మనకు?" అప్పుడే చీనీరసం గ్లాసులతో వచ్చిన అమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. నేను స్పీకరు ఆపబోయి, కంగారులో ఇంకా పెంచాను. బావ ఫోను మీదినుంచి తల ఎత్తి, గోడవారగా కూర్చున్న అక్క వైపు చూశాడు. ఇంక అయిపోయింది, చదువూ పోయింది, పరువూ పోయింది అనుకున్నాను.

"నువ్వు కూడా ఆడతావా?" అని అడిగాడు బావ. ఆ ఇంట్లో ఆయన తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది. అక్క అమ్మ వైపు ఒకసారి చూసి, లేచి వెళ్ళి, బీరువాలో చీరల కింది నుంచి ఫోను తెచ్చుకుని మా ఎదురుగా కూర్చుంది.

రెండో ఆటలో మళ్ళీ పెట్టె పడింది. నాకు బుద్ధి వచ్చిందనుకుంటున్నారేమో, రాలేదు. "ఈసారైనా తీసుకో బావా" అన్నాను. "పోయినసారి నా వల్లనే పోయింది, ఈసారి నువ్వే" అన్నాడాయన. మేమిద్దరం ఇలా ఉండగానే పెట్టె మూత తెరుచుకుంది. చూస్తే అక్క. తన తుపాకీ తీసుకుని, గుట్ట వెనక్కి వెళ్ళి, మా పొగ చూసి పరిగెత్తుకొస్తున్న జట్టును ఒక్కొక్కర్నే వరసగా పడుకోబెట్టింది. ఆఖరి దాకా మేము ఆమె వెనకాలే నడిచాం. గెలిచాం. కువైట్ వాళ్ళింట్లో ఏదో కిందపడిన శబ్దం వినిపించింది.

అక్క ఫోను మీదినుంచి చూపు తిప్పకుండానే అంది. "మీరిద్దరూ వద్దు వద్దు అంటాంటే పెట్టె ఊరికే పోతాది. నాకు కావాల్సింది నేను తీసుకున్యా." అదే గొంతుతో, "కాలేజీ తెరుస్తాండారు. నేను ఈడనే ఉండి బీఎడ్ పూర్తి చేస్తా" అంది.

అమ్మ గ్లాసులు గబగబా కింద పెట్టేసి బావ మొహంలోకి చూసింది. బావ మాత్రం హమ్మయ్య అన్నట్టు వెనక్కి వాలాడు. "నేను వద్దన్యానా? ఎవరన్నా అడుగుతారేమో అని వచ్చినప్పటి నుంచి సూస్తాండా. అల్లుడు తనంతట తాను చెప్తే పెండ్లాన్ని పుట్టింట్లో వదిలించుకుంటాండాడని అనుకుంటారేమో అని గమ్మునుంటి." మేమేమో ఆయన చెప్తాడని, ఆయనేమో మేము అడుగుతామని, ఇన్నాళ్ళూ ఆ పెట్టె చుట్టూనే నిలబడి ఉన్నామన్నమాట. అమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియక, లోపలికి వెళ్ళి ఇంకో వాయి వడలు వేసింది. ఈసారి మొదటి వడ అక్కకు పెట్టింది. ఆమె వద్దనలేదు.

ఇప్పుడు అక్క జమ్మలమడుగులో టీచరు. బావ ఇప్పటికీ ఎక్కువ మాట్లాడడు, ఆమె మాట్లాడుతుంటే మాత్రం పక్కన కూర్చుని మురిసిపోతాడు. నేనూ ఒక ఇంటి అల్లుణ్ణయ్యాను. కమలాపురంలో అత్తగారింట్లో కడుపు కాలుతున్నా రెండుసార్లు వద్దంటాను, మూడోసారి అడగరేమోనని లోపల వణికిపోతుంటాను.

మొన్న పాత ఫోను దొరికితే ఛార్జింగు పెట్టి చూశాను. పసుపు రంగు, ఎర్రంచు, శాంతమ్మ చెక్కుచెదరకుండా ఉంది. ఒక ఎండాకాలమంతా కూర్చి కూర్చి పెట్టుకున్న ఆ తుపాకీతో బావ ముందు నేను ఒక్క గుండైనా పేల్చలేదు. మళ్ళీ ఆ పెట్టె పడితే నేనే తెరుస్తానా అని ఆలోచించాను. తెరవను. సిగ్గులేకుండా మళ్ళీ బావనే తీసుకోమంటాను. కాకపోతే అక్క మా ఎదురుగా కూర్చుని ఉండాలి.