ఇంటు గుర్తు నొక్కని కుర్చీలత్త

కుర్చీలత్త జన్మలో ఎవరికీ బాకీ పడి ఎరగదు. పాలవాడు కేక పెట్టకముందే వాడి డబ్బులు గూట్లో సిద్ధంగా ఉండేవి. అద్దె కోసం ఇంటాయన గుమ్మంలో నిలబడ్డ రోజు ఒక్కటీ లేదు. అలాంటి మనిషిని పట్టుకొని సొంత ఆడపడుచు "పిచ్చి మాలోకం" అంది. అదీ బేరాలొచ్చే వేళ, పరాయి మనిషి ముందు.

ఇద్దరూ మొగుళ్ళు పోయినవాళ్ళే. ఇంటికి ముందు గది ఒక్కటే. కిటికీ పక్కన వదిన పేము కుర్చీలు అల్లుతుంది. గోడవార చీకట్లో ఆడపడుచు మిషను కుడుతుంది. ఆ కిటికీ వెలుగు కోసం వాళ్ళకు ఏళ్ళ తరబడి తగువు.

"సూదిలో దారం ఎక్కించుకునేదాన్ని నేను. వెలుగు నీకెందుకు?" అని చిన్నావిడ.

"మీ అన్నయ్య కూర్చున్న చోటు. నేను చచ్చాక తీసుకో" అని పెద్దావిడ.

ఆ పొద్దున కుర్చీలత్త ఫోను పక్కన పెడుతూ, "గాదెకు కట్టినట్టు మెసేజొచ్చింది. ఇక కరెంటుది ఒక్కటే ఉంది" అంది.

గాదె అంటే వడ్ల గాదె కాదు. ఫోనులో ఉండే విజ్ఞానపు గాదె. ఏ సంగతి వెతికినా దొరుకుతుంది. లాభం చూసుకోని సంస్థ ఒకటి దాన్ని నడుపుతోంది. కుర్చీలత్త చదువు మూడో తరగతి గుమ్మంలోనే ఆగింది గనక అక్షరం కింద వేలు పెట్టుకొని చదువుతుంది. పురుగు పట్టిన పేముకు మందేమిటి, పాత జిగురు ఊడాలంటే ఏం చెయ్యాలి, అన్నీ అందులోనే చూసుకునేది.

మిషను చప్పుడు ఆగింది. "గాదెకు కట్టడమేంటి వదినా?"

"చదువుకుంటున్నాంగా? నెలనెలా కట్టొద్దూ?"

"ఎవరు కట్టమన్నారు నిన్ను?"

"అందులోనే రాసుంటుందిగా, పైన పెద్దక్షరాలతో!"

ఆడపడుచు నవ్వు ఆపుకోలేక మిషను మీద తల వాల్చేసింది. "అయ్యో పిచ్చి మాలోకమా! అది ఊరికే చదువుకునేది. దయ కలిగినవాళ్ళు ఇస్తారు. ఆ పెద్దక్షరాల పెట్టెకు మూల ఇంటు గుర్తు ఉంటుంది. నొక్కితే మాయమైపోతుంది. లోకమంతా అదే చేస్తుంది!"

జాకెట్టు కోసం వచ్చిన నర్సమ్మ కూడా, "నేనూ ఆ ఇంటు గుర్తే నొక్కుతానత్తా" అంది.

కుర్చీలత్త చేతిలో పేము బద్ద జారిపోయింది. ఆ అక్షరాలు మొదటిసారి కనబడ్డ నాడు ఆవిడ వేలు "మీరు ఇస్తేనే నడుస్తుంది" దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ దొంగతిండి తిన్నానా అనుకొని, అప్పటికప్పుడు ఫోన్ల కొట్టుకు పరిగెత్తి, నెలనెలా వెళ్ళేటట్టు ఖాతా కలిపించుకుంది. అద్దె అనుకుంది. తీరా చూస్తే వీధి వీధంతా ఊరికే మేస్తోంది!

"అడిగేవాడు గుమ్మంలో ఉంటే మొహాన తలుపేసేస్తారా? గాదె కింద పందికొక్కులని ఊరికే అన్నారా మిమ్మల్ని!"

"పందికొక్కులం బానే ఉన్నాం. చిల్లు పడింది నీ కొంగుకే."

ఆ మాట ఆవిడకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. లేచి చీర దులుపుకుంది.

"ఈ ఊళ్ళోనే ఉందట వాళ్ళ ఆఫీసు, రేపు వెళ్తా. ఇచ్చిందంతా కక్కించుకొస్తా. వట్టి చేతులతో వస్తే ఈ కిటికీ నీది."

"నర్సమ్మా, విన్నావుగా!" అంది ఆడపడుచు.

మర్నాడు తిట్లన్నీ నోట్లో నానబెట్టుకొని బయల్దేరింది. అన్నీ తెలిసినవాళ్ళ ఆఫీసు కదా, అద్దాల మేడ ఉంటుందనుకుంది. మందుల షాపు మీద రెండు గదులు. ఫ్యాను కింద బట్టతల లెక్కలాయన ఒక్కడే ఉన్నాడు. ఆయన కూర్చున్నది పేము కుర్చీ. నడుమ అల్లిక తెగి పెద్ద బొక్క పడితే, దాని మీద చెక్క పలక వేసుకొని కూర్చున్నాడు. కుర్చీలత్త కళ్ళు ముందు అక్కడికే వెళ్ళాయి.

"ఇంతమంది దగ్గర తీసుకుంటున్నారు, కూర్చోడానికి కుర్చీ లేదా? ఏం చేస్తున్నారు డబ్బంతా?"

"గాదె నడిచే యంత్రాలమ్మా. వాటి కరెంటు, మరమ్మతు, చూసుకునేవాళ్ళ జీతాలు. రాసేవాళ్ళు మాత్రం ఊరికే రాస్తారు."

"ఊరికే రాసేవాళ్ళు కూడా ఉన్నారా!" ఆవిడ నోరు తెరుచుకుపోయింది. ఊరికే చదివేవాళ్ళ సంగతే ఇంకా మింగుడు పడలేదు. తమాయించుకొని తన మాట చెప్పింది. తెలియక కట్టాను, అద్దె అనుకున్నాను, నా డబ్బు నాకు ఇచ్చెయ్ అంది. అని, దెబ్బలాటకు నడుం బిగించుకొని నిలబడింది.

"అలాగేనమ్మా. పొరపాటున వచ్చింది మాకొద్దు. ఇక్కడ సంతకం పెట్టండి, మీ ఖాతాకు వచ్చేస్తుంది."

అంతే. నానబెట్టిన తిట్లు నోట్లోనే పులిసిపోయాయి. లోకంలో తీసుకున్న డబ్బు అడగ్గానే తిరిగిచ్చేవాడు ఒకడున్నాడని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

"మరి మీకెలా గడుస్తుంది? పెద్దవాళ్ళు ఇస్తారా?"

"కొందరిస్తారు. వార్నీషు కంపెనీ పెద్దాయన ఒకరుండేవారు. యంత్రాల ఖర్చు సగం ఆయనదే. వార్నీషు పేజీలో ఒక వాక్యం తీసెయ్యమన్నారు. నిజమేగా అని రాసేవాళ్ళు తియ్యలేదు. ఆయన ఇవ్వడం మానేశారు."

"ఏ వాక్యం?"

"మూసిన గదిలో ఆ వాసన పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయని."

కుర్చీలత్తకు ఆ వాక్యం తెలుసు. తడి వార్నీషుకు దుమ్ము అంటుకుంటుందని ఆవిడ మొగుడు కిటికీ బిగించుకొని పూసేవాడు. దగ్గుతూ పూసేవాడు. పూస్తూ దగ్గేవాడు. ఆయన పోయాక ఒకనాడు ఆ వాక్యం వేలి కిందికొచ్చింది. ఆ సాయంత్రమే డబ్బాలన్నీ పెరట్లోకి మోసింది. కిటికీ మళ్ళీ మూయలేదు. ఎందుకని ఆడపడుచు అడిగినా చెప్పలేదు. చెబితే తన నోటితో తానే "మీ అన్నయ్యను ఈ గదే తినేసింది" అనాల్సి వస్తుంది.

"అంత ఇచ్చినాయన అడిగినా తియ్యలేదా?"

"డబ్బిచ్చినంత మాత్రాన వాక్యం ఆయనదైపోదుగా. మీరడిగినా తియ్యరు."

"నేనెందుకు అడుగుతాను!" అని అరిచింది. కిందున్న మందుల షాపువాడు తలెత్తి చూశాడు.

లెక్కలాయన మెల్లగా అన్నాడు. "ఆయన మానేసిన ఏడాది తలా కాస్త ఇచ్చే చిన్నవాళ్ళే గట్టెక్కించారమ్మా. ఒక్కసారి టీ మానుకుని ఆ డబ్బు పంపినవాళ్ళు కూడా ఉన్నారు. నెలనెలా వచ్చేదయితే మాకు కొండంత ధైర్యం. మీది ఒక్క నెల తప్పలేదు. ఎవరో పెద్ద మనసున్నావిడ అనుకున్నాం."

"మనసూ లేదు, మట్టీ లేదు నాయనా. బాకీ భయం." కలం పట్టుకుంది. మళ్ళీ పెట్టేసింది. "తెలిసి ఇవ్వాలంటే ఎంత ఇవ్వాలి?"

"మీ ఇష్టం."

"ఇష్టమేంటి? ధర చెప్పు."

"ధర లేదమ్మా."

"ధర లేని కొట్టు నడుపుతూ బొక్క కుర్చీలో కూర్చున్నావు. లే ముందు, పలక తియ్యి" అని కుర్చీ ఎత్తి భుజాన వేసుకుంది. సంతకం పెట్టలేదు.

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు గుమ్మంలోనే ఉంది. "కక్కించావా?"

కుర్చీలత్త భుజం మీది కుర్చీ దించింది. తన పీట, పేము కట్ట గోడవారకు లాక్కుంది. రెండు చేతులా మిషను తోసి కిటికీ వెలుగులోకి తెచ్చింది.

ఆడపడుచు అడ్డం వచ్చింది. "ఇవ్వనన్నారా వదినా? పద, నేనొస్తా, చూస్తా వాళ్ళ సంగతి!"

"ఇస్తానన్నాడు. నేనే వద్దన్నాను."

"మతిపోయిందా? కిటికీ వదులుకొని..."

"కూర్చో ముందు. మీ అన్నయ్య దగ్గు గురించి నీకో మాట చెప్పాలి" అంది. చెప్పింది, తల ఎత్తకుండా, బొక్క కుర్చీలో పాత అల్లిక తెంపుతూ.

ఆడపడుచు తెరిచి ఉన్న కిటికీ తలుపులనే చూస్తూ కూర్చుంది. తర్వాత ఫోను తీసింది. గాదె తెరిస్తే పైన ఆ పెద్దక్షరాలే వచ్చాయి. వేలు అలవాటుగా మూలకు వెళ్ళి అక్కడే నిలబడిపోయింది.

"వదినా, ఎంత ఇవ్వాలి?"

"చెప్పరే. అదే దరిద్రం" అంది కుర్చీలత్త చీకట్లోంచి.