బడి మూతకు చెయ్యెత్తిన నెస్తా

వేల్స్‌లో పలకరాతి గనుల కొండ కింద ఉన్న ఆ ఊళ్లో నెస్తా పెన్రీ చేతివంట తినకుండా పెరిగినవాళ్లు తక్కువ. ఆమె ఊరి బడిలో వంటమనిషి. గొర్రెమాంసం, బంగాళాదుంపలు వేసి ఆమె కాచే పులుసు కోసం పిల్లలు గంట కొట్టకముందే గిన్నెలు పట్టుకుని నిలబడేవారు. ఆ పిల్లలే పెద్దవాళ్లై, పిల్లల్ని కన్నాక కూడా ఆమెను ఆంటీ అనే పిలిచేవారు.

వయసులో ఉన్నప్పుడు నెస్తా జైలుకు కూడా వెళ్లివచ్చింది. వేల్స్‌లో దారిపలకల మీద ఊళ్ల పేర్లు ఇంగ్లీషులోనే ఉండటమేమిటని, స్నేహితుడు ఇథెల్‌తో కలిసి వాటికి ఆకుపచ్చ రంగు పూసి దొరికిపోయింది. మేజిస్ట్రేటు ఇంగ్లీషులో ఏమడిగినా తమ భాష వెల్ష్‌లోనే జవాబు చెప్పింది. శిక్ష పడ్డాక తండ్రి ఆమెను కోర్టు మెట్ల మీద చూసి, "జైలుకెళ్లడానికి చర్చికి వేసుకునే కోటే దొరికిందా నీకు?" అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాత వెల్ష్ జాతీయవాదుల పార్టీలో చేరి జిల్లా కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడుతూ, ఓడిపోతూ వచ్చింది. ప్రతిసారీ భర్త ఎమ్రిస్ ఒకటే వేళాకోళం. "ఈసారన్నా మన కుక్క నీకు ఓటేస్తుందంటావా?"

తల నెరిశాక ఒకసారి గెలిచింది. జిల్లా కూడా పార్టీ చేతికి వచ్చింది, ఇథెల్ కౌన్సిల్ నాయకుడయ్యాడు. బళ్లు నడిపేదీ కౌన్సిలే, దాని జీతం తీసుకునేవాళ్లు అందులో సభ్యులుగా కూర్చోకూడదు కనుక నెస్తా వంట ఉద్యోగం వదులుకుంది. అయినా మధ్యాహ్నం వేళ బడికెళ్లి వడ్డించి వస్తూనే ఉంది.

ఒకరోజు ఇథెల్ ఇంటికి వచ్చి, టీ ముట్టుకోకుండా కూర్చున్నాడు. చివరికి చెప్పాడు. "మీ ఊరి బడి మూసేద్దామనుకుంటున్నాం."

"ఏ బడి?"

"ఊళ్లో ఉన్నదే ఒక్కటి కదా నెస్తా. పట్టుమని పదిమంది పిల్లలు లేరు. కింద ఊరి బడిలో కలిపితే తోటిపిల్లలుంటారు, భాష నిలబడుతుంది."

"బడి పోతే భాష పోతుందని గోడల మీద రాసింది మనమే కదయ్యా?"

"రాశాం. అప్పుడు పిల్లలున్నారు."

అతడు వెళ్లిపోయాక నెస్తా కప్పులు కడిగింది. ఇథెల్ మాట తప్పనిపించలేదు. తన మాటా తప్పనిపించలేదు.

ఊరి హాల్లో సభ పెట్టారు. బడి కోసం అందరికంటే గట్టిగా నిలబడింది ఊళ్లో పుట్టినవాళ్లు కాదు, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి వచ్చి స్థిరపడిన హెదర్. కూతురు మాలీని దింపడానికి వచ్చి, బడి వంటింట్లో గిన్నెలు తుడుస్తూ నెస్తా దగ్గరే ఆమె వెల్ష్ నేర్చుకుంది. ఆ వచ్చీరాని వెల్ష్‌లోనే అడిగింది. "ఈ భాష నాకిచ్చింది నువ్వే ఆంటీ. ఇప్పుడు ఎవరితో మాట్లాడమంటావ్?"

"ఆలోచిస్తానమ్మా," అంది నెస్తా.

వెనకనుంచి గని పని మానేసిన ముసలాయన ఒకడు అరిచాడు. "జైలుకెళ్లేముందు కూడా ఇలాగే ఆలోచించావా?"

అందరూ నవ్వారు. నెస్తా కూడా నవ్వబోయి ఆగిపోయింది.

కౌన్సిల్ సమావేశం రోజు పొద్దున, "మూసెయ్యొద్దనే ఓటేస్తాను," అని ఎమ్రిస్‌తో చెప్పి బయల్దేరింది. సమావేశంలో ఎవరెవరో లేచి ఏమేమో చెప్పారు. ఆమె చెవికేమీ ఎక్కలేదు. మాలీ ఒక్కతే కళ్లముందు మెదిలింది. బడిలో ఆ పిల్ల ఈడువాళ్లు ఇంకెవరూ లేరు. మధ్యాహ్నం పెద్దపిల్లలు బంతాటకు పరుగెత్తాక పళ్లెం ముందు కూర్చుని, "ఆంటీ, నా పక్కన కూర్చోవా?" అని అడిగేది. ఓటింగు మొదలైంది. మూసేద్దామనేవాళ్లు చెయ్యెత్తమన్నారు. నెస్తా చెయ్యెత్తింది.

తాను ఎత్తకపోయినా ఆ ప్రతిపాదన నెగ్గేదే. లెక్క తేలాక అది తెలిసి ఆమెకు ఇంకా అయోమయమైంది. అలాంటప్పుడు ఎందుకెత్తినట్టు?

ఇంటికి పోకుండా తిన్నగా హెదర్ గుమ్మంలోకి వెళ్లి చెప్పింది. "మూసేస్తున్నారు. నేనూ చెయ్యెత్తాను."

హెదర్ ఇంగ్లీషులో, పరాయిదానితో అన్నట్టు, "వచ్చి చెప్పినందుకు థాంక్స్," అంది.

నెస్తా కూడా ఇంగ్లీషులోనే, "సారీ," అంది. మేజిస్ట్రేటు ముందు నోట రాని భాష ఈ గుమ్మంలో ఎందుకొచ్చిందో వర్షంలో ఇల్లు చేరేదాకా ఆలోచించినా బోధపడలేదు.

వేసవిలో బడికి తాళం పడింది. తర్వాతి ఎన్నికలకు ఇథెల్ తప్పుకున్నాడు. తానూ మానేద్దామనుకుంది నెస్తా, కానీ పార్టీ తరఫున నిలబడేవాళ్లు ఇంకెవరూ దొరకలేదు. ఇల్లిల్లూ తిరిగింది. కొందరు తలుపే తియ్యలేదు. ఓడిపోతాననే అనుకుంది. తీరా చూస్తే కిందటిసారి కంటే ఎక్కువ ఓట్లతో గెలిచింది.

"నేనైతే నీకే వేశాను," అన్నాడు ఎమ్రిస్. "మిగతావాళ్లకేమైందో నాకు తెలీదు."

ఆ వారంలో బస్టాపు దగ్గర హెదర్ కనిపించింది. పలకరించాలా వద్దా అని నెస్తా తటపటాయిస్తుంటే హెదరే వెల్ష్‌లో అంది. "నీకే వేశాను."

"ఎందుకే?"

"ఏమో. కోపం మాత్రం పోలేదు, అది ఖాయం."

ఇంతలో కింద ఊరినుంచి బడి బస్సు వచ్చింది. మాలీ, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ, పగలబడి నవ్వుతూ, ఇంగ్లీషులో కబుర్లాడుకుంటూ దిగారు. నెస్తాను చూడగానే మాలీ గొంతు వెల్ష్‌లోకి తిరిగింది. "ఆంటీ! వీళ్లు నా ఫ్రెండ్స్!"

సంతోషించాలో బాధపడాలో నెస్తాకు అంతుపట్టలేదు. చెయ్యి చాచి పిల్ల సంచీ అందుకుంది. "ఇవాళ బడిలో ఏం పెట్టారే?"