వోచోలో నీవెస్ చోటు

మా క్వాతెపెక్ కొండమీద వోచో లేనిదే పూట గడవదు. జర్మన్లు తయారుచేసిన ఆ చిన్న బొద్దు కారును, అదే ఫోక్స్‌వాగన్ బీటిల్‌ను, మెక్సికోలో మేమంతా వోచో అనే అంటాం. కింద నగరంలో ఆ టాక్సీల కాలం ఎప్పుడో అయిపోయింది. మా నిట్టనిలువు వీధుల్లో మాత్రం ఇప్పటికీ అవే. ఇంజను బరువు వెనక చక్రాలమీద పడుతుంది, అందుకే ఎక్కుతాయి. చెడితే ఏ సందులోనైనా బాగుచేసేవాళ్లు దొరుకుతారు.

అబుందియో త్లపాలెది తెల్ల వోచో. నా తోర్తీయాల కొట్టు, అంటే మొక్కజొన్న రొట్టెల కొట్టు, మలుపులో ఉండటంవల్ల అతని బతుకంతా నా కళ్లముందే నడిచింది. భార్య పోయాక కూతురు నీవెస్‌ను ఒక్కడే పెంచాడు. ఆ పిల్లకు పుట్టుకతోనే మోకాళ్లు వంగవు, గుండె కూడా బలహీనం. టాక్సీవాళ్లందరిలాగే అతనూ డ్రైవరు పక్కన కుడివైపు సీటు పీకేశాడు. దాంతో వెనక కుడి మూలన నీవెస్ కాళ్లు బారచాపుకుని కూర్చునేది. పక్కన ఎవరెక్కినా కబుర్లే. కునికిపాట్లు పడే ముసలాయన్ని తట్టి లేపి, "మామా, నిద్రపోకు. నీ ఇల్లు దాటిపోతే నిన్ను మేమే పెంచుకోవాలి" అనేది. ఆ మాటల కోసమే వేరే కార్లు వదిలేసి వాళ్ల కారుకోసం నిలబడేవాళ్లం.

ఆమెకు పంతొమ్మిదేళ్లప్పుడు, జూన్ వానల్లో, కారు క్లచ్ అరిగిపోయింది. ఇంజను దించితేగాని పని కాదు. కూతుర్ని ఇంట్లో వదల్లేక అబుందియో వారం రోజులు నెట్టుకొచ్చాడు. చివరికి ఆమే, "చేయించు నాన్నా, ఒక్కపూటకి నాకేం కాదు" అని పట్టుబట్టింది.

ఇంజను దించిన మధ్యాహ్నమే ఆమెకు ఊపిరాడలేదు. పక్కింటి రుతీలియో తన కొత్త కారు తీశాడు. మా సందులోంచి పెద్ద రోడ్డుకు ముందు పైకెక్కాలి; వానకి తడిసిన ఆ ఎత్తులో చక్రాలు తిరిగాయే తప్ప కారు ముందుకు కదల్లేదు, వెనక్కే జారింది. అబుందియో కూతుర్ని వీపుమీద వేసుకుని మెట్లదారిన కొండ దిగడం మొదలుపెట్టాడు. నేను ప్లాస్టిక్ పట్టా పట్టుకుని వెంట పరుగెత్తాను.

"మెల్లగా నాన్నా. నీకన్నా వోచోనే నయం, ఇంత కుదపదు" అంది.

"మాట్లాడకమ్మా, ఆయాసం వస్తుంది."

ఆమె మాట్లాడలేదు. కొండకింద ఆసుపత్రి గుమ్మం చేరేసరికే ప్రాణం పోయింది. పోయినవాళ్లకోసం చేసే తొమ్మిది రోజుల ప్రార్థనల్లోనూ అతను ఒక్కటే మాట అడిగాడు, ఆఖరి మాట చెప్పనివ్వకుండా నోరెందుకు మూయించానని.

తర్వాత ఇంజను తన చేతులతోనే బిగించుకున్నాడు. పాత కార్లు సేకరించే పెద్దమనిషి ఒకాయన వచ్చి మంచి ధర చెప్పాడు. అబుందియో అద్దం తుడుస్తూ ఉండిపోయాడే గానీ ఇవ్వలేదు. మళ్లీ టాక్సీ నడిపాడు. కుడి మూలన మాత్రం ఎవరినీ కూర్చోనివ్వలేదు. కొండమీదివాళ్లం ఇవతలకు ఒదిగి కూర్చునేవాళ్లం.

పదకొండు నెలలకు, ఎనభయ్యేళ్ల తిబూర్సియా అవ్వ సంచితో ఎక్కి ఆ మూలనే కూలబడింది.

"అవ్వా, అది నా కూతురి చోటు" అన్నాడతను మెల్లగా.

"తెలుసయ్యా. నా మోకాళ్లూ దాని మోకాళ్లలాగే వంగవు. అదే ఉంటే నన్ను దిగమనేదా?"

అబుందియో ఆమె సంచి అందుకుని కాళ్లదగ్గర సర్దాడు.

"అనేది కాదు" అన్నాడు. "రా అవ్వా అని తనే జరిగేది."

కారు కొండెక్కింది. పైన స్టీరింగ్‌మీద తల ఆన్చి అతను ఏడ్చాడట. ఏడుపు ఆగేదాకా అవ్వ కారు దిగలేదట.

ఆ రోజునుంచి ఆ చోట ఎవరు పడితే వాళ్లు కూర్చునేవాళ్లు. ఇంకో ఆరేళ్లు నడిపాడు. చూపు మందగించాక కారును రుతీలియో కూతురు మరీక్రూస్ చేతుల్లో పెట్టాడు. ఇప్పుడు రోజూ పొద్దుటెండలో నా కొట్టుముందు బల్లమీద కూర్చుంటాడు. వేడి తోర్తీయాలో ఉప్పు చల్లి చేతిలో పెడితే, ఆ వోచో వచ్చే దారివైపే చూస్తూ తినడం మరిచిపోయి, అది చల్లారేదాకా అలాగే పట్టుకుని ఉంటాడు.