అత్త కింది పళ్లసెట్టు

మా మేనత్తకు నేను చేసిన కింది పళ్లసెట్టు నిలవదని, దాన్ని డాక్టరుగారికి పంపిన రోజే నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

విజయనగరంలో కట్టుడుపళ్లు తయారుచేయడం నా పని. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపుతారు. అందులో ప్లాస్టర్ పోసి దవడ నమూనా చేసుకుని, దాని మీద పళ్లు పేరుస్తాను. అత్తకు పళ్లన్నీ పోయి అప్పటికి పదేళ్లు దాటింది. పళ్లు లేని దవడ ఏటేటా అరిగిపోతుంది. ఆమె కింది దవడ నమూనా చేతిలోకి తీసుకుంటే చిగుళ్ల గట్టు అనేదే లేదు, చదునుగా ఉంది. పై సెట్టు అంగిలికి అతుక్కుంటుంది. కిందిదానికి ఆ గట్టే ఆధారం. గట్టు లేని మడిలో నీళ్లు నిలవవని సేద్యం చేసిన మా ఇంట్లో ఎవరికి తెలియదు? పైగా అచ్చులో నాలుక పక్క అంచు చెరిగిపోయి ఉంది. మళ్లీ తీయమని అడగాల్సింది. అలాంటి దవడకు, నమిలేటప్పుడు సెట్టు కదలకుండా, మొన తక్కువ పళ్లు పెట్టాల్సింది. కానీ ఆమె మనవడి పెళ్లి వారంలో ఉంది. అంచును ఊహించి గీసేశాను. నవ్వితే అందంగా ఉంటాయని మొనదేలిన పళ్లే పెట్టాను.

పెళ్లి భోజనాల్లో గారె కొరకగానే కింది సెట్టు లేచి నాలుక మీదికొచ్చింది. అత్త దాన్ని తీసి కొంగులో చుట్టుకుంది.

"పంక్తిలో నాకన్నా ముందు నా పళ్లే లెగిసిపోనాయిరా!" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ నవ్వు ఆ పూటతో సరి. చిగుళ్లు ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. మా వైపు పెద్దవయసు ఆడవాళ్లు కొందరు చుట్టను నిప్పు కొస నోట్లోకి పెట్టి కాలుస్తారు, అడ్డపొగ అంటాం. అత్తకూ ఆ అలవాటుంది. ఆమె కోడలు ఓ రోజు నా ముందే కసిరింది.

"ఆ అడ్డపొగ మానకపోతే సెట్టేటి నిలుస్తాదత్తా?"

అత్త నా వైపు తిరిగింది. "పళ్లు సేసినోడివి, నువ్వు సెప్పురా. పొగవల్లేనేటి?"

"అవునత్తా. ఆ వేడికి సెట్టు వంగిపోతాది," అన్నాను.

మర్నాడే చుట్ట మానేసింది. యాభై ఏళ్ల అలవాటు, నా ఒక్క మాట మీద. మానడం మంచిదే. నేను చెప్పిన కారణం అబద్ధం. సెట్టు అప్పుడూ నిలవలేదు. "అంతకాలం కాల్సినాను గదా, నోరు పాడైపోనాది. పాపం నాదే," అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. అంబలి, గంజి, చిదిమిన అన్నం. పంక్తిలో కూర్చోవడం మానేసి గోడవైపు తిరిగి తినేది. రెండేళ్లలో జాకెట్లన్నీ వదులైపోయాయి. ఆ దవడ ఇంకా అరిగింది. ఇప్పుడు ఎంత జాగ్రత్తగా చేసినా కొత్త సెట్టు నిలుస్తుందని మాట ఇవ్వలేను.

మొన్న గరివిడి దగ్గర వాళ్లింటికి వెళ్లేసరికి, ఆమె మరమరాలు నీళ్లలో నానబెట్టుకుని గోడకేసి తిరిగి కూర్చుంది.

"తిన్నావేటిరా?" అంది, వెనక్కి తిరగకుండానే.

వెళ్లి ఆమెకూ గోడకూ మధ్య కూర్చున్నాను.

"అత్తా, తప్పు నీ నోటిది కాదు. పొగది కాదు. అచ్చు బాగోలేదని తెలిసీ నేనే సేసిచ్చినాను. అడిగితే నీ మీదకే తోసేసినాను. నన్ను మన్నించు."